పిలకాయల్ని మళ్లా మట్టిలోకేనా?

ప్రకాశం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె నుంచి ఒక టీచరు పెద్ద ఉత్తరమే రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఆవిడ ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచరు. బడికి ఇద్దరే టీచర్లు. మూడు, నాలుగు, ఐదు తరగతులు హెడ్మాస్టరు గారివి, ఒకటి, రెండు ఈవిడవి. ఈవిడ దగ్గర రెండు తరగతులూ కలిపి పదకొండు మంది. ఒకటిలో ఐదుగురు, రెండులో ఆరుగురు. తల్లిదండ్రులు ఎక్కువగా పొగాకు పనులకూ, రొయ్యల చెరువుల మీద కూలికీ వెళ్లేవాళ్లు.

జర్మనీ, డెన్మార్క్ దేశాల్లో పసిపిల్లల్ని రోజంతా అడవిలో ఉంచే బడుల గురించి ఆవిడ వేసవి సెలవుల్లో చదివారు, వీడియోలు చూశారు. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి ప్రార్థన కాగానే పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. బడి వెనక ఖాళీ స్థలం, అది దాటితే చెరువుకట్ట. రోజూ గంట, ఒక్కోసారి రెండు గంటలు. హాజరు పెరిగిందట. ఏడాదిగా నోరు విప్పని ఒక పాప గిజిగాడి గూడు చూసి ఆపకుండా మాట్లాడిందట.

నవంబరులో రెండో తరగతి బాబు కాలికి చిల్లకంప ముల్లు దిగింది. కొస లోపలే విరిగిపోయి, కాలు వాచి చీము పట్టి నాలుగు రోజులు బడికి రాలేదు. వాళ్ల నాయనమ్మ గేటు దగ్గరికొచ్చి నిలదీసింది: "మా బతుకులెటూ మట్టిలోనే తెల్లారినాయి. నాలుగు అచ్చరాలు నేర్చుకునేదానికి పంపిస్తే పిలకాయల్ని మళ్లా మట్టిలోకే తీసకపోతుండావేంది టీచరమ్మా?" ఆ వారమే ఇంకో తండ్రి తన ఇద్దరు పిల్లల్నీ టౌనులో ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తానన్నాడు. హెడ్మాస్టరు గారు "నాకింకా నాలుగేళ్ల సర్వీసుందమ్మా, నా మీదికి తేవద్దు" అన్నారు. ఇవన్నీ చాలవన్నట్టు, చదవడం పరీక్షించినప్పుడు రెండో తరగతిలో ఆరుగురికి నలుగురు చిన్న వాక్యం దగ్గరే తడబడ్డారు. ఇంట్లో భర్త "ఉన్న పాఠం చెప్పేసి వచ్చెయ్" అంటున్నారట. "పిల్లలకు మంచిదని కళ్లారా చూశాక ఎలా మానను? పోట్లాడాలా, మానేయాలా, బదిలీ వచ్చేదాకా నోరు మూసుకోవాలా?" అన్నది ఆవిడ ప్రశ్న.

టీచరు గారూ,

మీ ఉత్తరంలో ముల్లు ఒకటి, చదవడం ఒకటి, హెడ్మాస్టరు గారి భయం ఒకటి, నాయనమ్మ మాట ఒకటి. నాలుగూ వేర్వేరు సంగతులు. మీరు నాలుగింటినీ కలిపి "ఈ ఊళ్లో అవగాహన లేదు" అని ఒక్క మాటతో కట్టేశారు. అందుకే ఏ కొసా దొరకడం లేదు. విడివిడిగా చూద్దాం.

ముందు నాయనమ్మ. ఆవిడకు అవగాహన లేదని రాశారు గానీ, మీ ఉత్తరం మొత్తంలో సూటిగా ఉన్న మాట ఆవిడదే. పొగాకు చేలో ఆకు కోసి, ఆకును వేడితో ఎండబెట్టే బ్యారన్ దగ్గర రాత్రింబవళ్లు ఆకు అల్లిన మనిషికి ఎండా మట్టీ అంటే కూలి. బెంచీ, ఫ్యాను, నోటుపుస్తకం అంటే ఆ కూలి నుంచి బయటపడటం. పట్నంలో అపార్టుమెంటు పిల్లల తల్లికి "మట్టిలో ఆడితే మంచిది" అంటే సంబరపడుతుంది. ఈవిడకు అదే చెబితే ఎగతాళిలా ఉంటుంది. చెట్ల కింద బడి మనకేం కొత్త కాదనీ, 1901లో రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో పెట్టిన బడిలో పాఠాలు చెట్ల కిందే జరిగాయనీ చెప్పడం కూడా ఆవిడ దగ్గర పనిచేయదు. ఆవిడకు కావలసిన రుజువు సాయంత్రం సంచీలో కనబడాలి. మీరు రోజూ గంటా రెండు గంటలు బయట ఉండి లోపలికొచ్చాక ఏం రాయించారో ఉత్తరంలో ఎక్కడా లేదు. బహుశా ఏమీ రాయించి ఉండరు.

ఇక చదవడం సంగతి. ఇది చేదుగా ఉన్నా చెప్పక తప్పదు. మీరు చూసిన ఆ విదేశీ అడవి బడులు మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలవి. అక్కడ అక్షరాలు మొదలయ్యేది ఆ తర్వాత, మామూలు బడిలో చేరాకే. పదిహేను ఇరవై మంది పిల్లలకు కనీసం ఇద్దరు పెద్దలుంటారు. మీ పిల్లలు ఆరేడేళ్ల వాళ్లు, మీరు ఒక్కరే, చేతిలో రెండు తరగతులు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి అయ్యేసరికి నాలుగైదు తేలిక పదాల వాక్యం, అదీ ముందు చూడనిది, చదవాలి. రెండో తరగతి అయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు చదవాలి, 999 దాకా అంకెలు రావాలి. అక్కడివాళ్లకు లేని బరువు ఇది. కాబట్టి వాళ్ల పద్ధతిని యథాతథంగా తెస్తే కొరత పడేది చదవడం దగ్గరే, పడింది కూడా. ఆ నలుగురూ వెనకబడటానికి బయటి గంటలే కారణమని తేల్చి చెప్పలేం. అంతకుముందే వెనకబడి ఉండొచ్చు. కానీ ఊరు మాత్రం ఆ గంటల్నే చూపిస్తుంది.

అందువల్ల ఏ దారి పట్టినా ఆ నలుగురికీ రోజూ ఇరవై నిమిషాలు విడిగా లోపల కూర్చోబెట్టి చదివించే పని రేపే మొదలుపెట్టండి. ఆ వయసు పిల్లలు వత్తుల దగ్గర ఆగుతున్నారనుకుంటాం గానీ, చాలామంది ఆగేది గుణింతం దగ్గర. కె, కే, కై తేడా, కొ, కో, కౌ తేడా. ముందు అక్కడ చూడండి. మిగతా ఏడుగురూ ఆ సమయంలో బయట ఏరుకొచ్చిన వాటి బొమ్మ వేసుకుంటారు. ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్షించి, ఆ కాగితం హెడ్మాస్టరు గారి చేతికివ్వండి. బయటి పాఠం కోసం మీరు వాదించగలిగేది ఆ కాగితం పక్కన పెట్టుకునే.

బయటి పాఠం అంటే ఊరికే అలా తిరిగొచ్చెయ్యడం కాదు. పాఠంలా ఎలా ఉంటుందో ఒకటి పూర్తిగా చెబుతాను. సరి, బేసి తీసుకుందాం. ఒక్కో బిడ్డ చేతికి ఒక ఈనె, అంటే చిన్నాకులన్నీ ఉన్న రెమ్మ, ఇవ్వండి, సగం మందికి తంగేడు, సగం మందికి కానుగ. తంగేడు ఈనెకు చిన్నాకులు జతలు జతలుగా ఎదురెదురుగా ఉంటాయి, కొసన ఒంటి ఆకు ఉండదు. కానుగకు రెండు మూడు జతలుండి కొసన ఒక్క ఆకు నిలబడుతుంది. ఆకులు గిల్లి నేల మీద రెండేసి చొప్పున పేర్చమనండి. తంగేడు వాళ్లకు ఏమీ మిగలదు. కానుగ వాళ్లందరికీ ఒకటి మిగులుతుంది. "నాకు మిగిలింది", "నాకు మిగల్లేదు" అని వాళ్లే అరిచాక సరి, బేసి అన్న మాటలు చెప్పండి, అంతకుముందు వద్దు. తర్వాత "మనం సరా బేసా?" అని అడగండి. జట్లు కట్టి చూసుకుంటారు. పదకొండు మంది కాబట్టి ఒకరు మిగులుతారు. మిమ్మల్ని కలుపుకుంటే సరిపోతుందని ఎవరో ఒకరు కనిపెడతారు. రెండో తరగతి వాళ్లకు చింత ఈనె ఇవ్వండి. అదీ జతలే, పది పదిహేను జతల దాకా ఉంటాయి. రెండు, నాలుగు, ఆరు అంటూ రెండేసి లెక్కపెట్టడం ముప్ఫై దాకా పోతుంది.

ఈ పాఠం చెడిపోయేది రెండు చోట్ల. బడిలో వేపచెట్టే ఉంటుంది కాబట్టి చాలామంది వేపతో మొదలుపెడతారు. వేప ఈనెకు కొసాకు ఒకదానికి ఉంటుంది, ఒకదానికి ఉండదు. ఆకులు సరిగ్గా ఎదురెదురుగా కూడా ఉండవు. ఒకరికి సరి, ఒకరికి బేసి వచ్చి, మీరు చెప్పింది పిల్లలకు అబద్ధంలా కనిపిస్తుంది. వేపను రెండో వారానికి దాచి, "ఇందులో అందరికీ ఒకేలా ఎందుకు రాలేదు?" అన్న ప్రశ్నకు వాడుకోండి. ఇంకోటి, గాలికీ పురుగుకూ ఆకు రాలిన ఈనెలు. రాలిన చోట చిన్న మచ్చ మిగులుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. మచ్చనూ లెక్కలో వేసుకోవాలని ముందే చూపించండి. లేకపోతే తంగేడు వాళ్లలో ఒకడికి ఒకటి మిగిలి ఏడుస్తాడు.

ఇదంతా పాతిక నిమిషాలు. లోపలికి రాగానే ఒక్కొక్కరి చేత ఒక్క వాక్యం చెప్పించి, వాళ్లన్న మాటల్లోనే బోర్డు మీద రాయండి. "కానుగలో ఒక ఆకు మిగిలింది." "నా ఈనెకు ఏడు ఆకులు." ఇవే ఒకటో తరగతికి కావలసిన నాలుగైదు పదాల వాక్యాలు. అయితే ఇందులో ఒక మోసం ఉంది. తాము చెప్పిన వాక్యాన్ని పిల్లలు చదవరు, అప్పజెబుతారు. వేలు ఒక పదం మీద, నోరు ఇంకో పదం మీద ఉంటుంది. మరునాడు ఆ పదాల్నే అట్టముక్కల మీద రాసి కలిపేసి, కొత్త వాక్యాలుగా పేర్చి చదివిస్తే నిజంగా వచ్చిందో లేదో బయటపడుతుంది. చివరి పది నిమిషాలు నోటుపుస్తకంలో ఒక పేజీ: తేదీ, బొమ్మ, లెక్క, ఒక వాక్యం. పాఠ్యపుస్తకాలు ఎలాగూ తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ ఉంటున్నాయి కాబట్టి లీఫ్, సీడ్, నెస్ట్ లాంటి మాట ఒకటి పక్కన రాయించండి. వ్యాను ఎక్కిస్తానన్న తండ్రి వెతికేది ఆ ముక్కనే. ఇంట్లో పెద్దలకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. పేజీ తెరిచి నాయనమ్మకు చదివి వినిపించమనడమే ఇంటిపని.

ఇప్పుడు ముల్లు. ఇది నిజంగా నివారించగలిగిందే. చిల్లకంప, అంటే సర్కారు తుమ్మ, కొట్టేశాక ఎండిన ముళ్లు నేల మీద పడి ఉంటాయి. హవాయి చెప్పును ఇట్టే దాటి దిగుతాయి. ప్రభుత్వ కిట్‌లో ఇచ్చిన బూట్లు వేసుకొచ్చిన వాళ్లే బయటికి. వేసుకురాని రోజు ఆ బిడ్డ ఒక్కడినీ వదిలేయకండి, ఆ రోజు అందరూ ఆవరణలోనే. ముల్లు దిగితే సబ్బూ నీళ్లతో కడిగి, కొస కనబడుతుంటే ట్వీజరుతో అది దిగిన వైపునే వెనక్కి లాగాలి. కనబడకపోతే పిన్నీసుతో తవ్వకుండా అదే రోజు పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. కొందరు జిల్లేడుపాలు వేస్తారు. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే కంటిపాపకే ముప్పు, పొరపాటున కూడా వద్దు. ఇంకో సంగతి: ధనుర్వాతం నుంచి కాపాడే డీపీటీ బూస్టరు ఐదారేళ్ల మధ్య పడాలి. మీ పిల్లలు ఆ వయసు ఇప్పుడిప్పుడే దాటుతున్నారు. ఎవరికి పడిందో ఎవరికి పడలేదో ఊళ్లో టీకాలు వేసే నర్సు (ఏఎన్ఎం) దగ్గర కనుక్కుని, పడని వాళ్లకు వేయించండి. బయటికి వెళ్లినా వెళ్లకపోయినా ఇది అవసరమే.

మీరు పాముల గురించే మూడుసార్లు అడిగారు గానీ, చెరువుకట్ట గురించి ఒక్కసారీ అడగలేదు. మీ వరసలో అన్నింటికన్నా పెద్ద ప్రమాదం ఆ చెరువు. అక్టోబరు నుంచి నిండుతుంది. గట్టు జారుతుంది. ఆరేళ్ల బిడ్డ నీళ్లలో పడితే చప్పుడు కూడా రాదు, అరిచే వ్యవధి ఉండదు. ఒక్క టీచరుతో పదకొండు మందిని కట్ట మీదికి తీసుకెళ్లడం ఇక చేయకండి. మిగతా అన్నింటిలో మీ ఇష్టానికి వదిలేస్తున్నాను గానీ, ఇందులో మాత్రం రెండో మాట లేదు. ఒరలేని నేలబావులు, రొయ్యల చెరువులు కూడా అంతే. రొయ్యల చెరువుల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు వెళ్లే కరెంటు తీగలు నేల మీదే ఉంటాయి. గిజిగాడి గూడు కావాలంటే తాటిచెట్టు కింద రాలిపడిన పాత గూడు మీరే వెళ్లి తెచ్చి తరగతిలో పెట్టండి. పిల్లలు విప్పి చూడొచ్చు, పీచు ఎలా అల్లిందో చేత్తో తెలుస్తుంది.

పాముల విషయానికొస్తే, కట్లపాము, రక్తపింజరి తిరిగేది ఎక్కువగా చీకటి పడ్డాకే. పొద్దున పూట చిక్కు వచ్చేది రాళ్లకుప్పలు, ఎండుకంప, పాత ఇటుకల దొంతరలు, మోకాలెత్తు గడ్డి దగ్గర. పిల్లల కన్నా ముందు మీరు కర్రతో నేల తట్టుకుంటూ ఆ బాట ఒకసారి నడిచి రావాలి, ఆరోజుకారోజు. ఏ కంతలోనూ చెయ్యి పెట్టకూడదు, ఏ రాయీ తమ వైపుకు ఎత్తకూడదు అన్న రెండు నియమాలు ఆటలా రోజూ చెప్పించండి. కాటు పడితే కదలకుండా పడుకోబెట్టి, కాలి పట్టీలు, కడియాలు తీసేసి, స్కేలో కర్రో పెట్టి వదులుగా కట్టి, 108. బిగించి తాడు కట్టడం, కోయడం, పీల్చడం, మంత్రగాడి దగ్గరికి పోవడం, ఇవేవీ వద్దు. పాము విషానికి విరుగుడు మందు మీ పీహెచ్‌సీలో ఉందో లేదో, డాక్టరు ఏ వేళల్లో ఉంటారో, లేకపోతే ఏ ఆసుపత్రికి వెళ్లాలో ముందే వెళ్లి అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి.

మొక్కల్లో గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలు, ఆముదం, అడవి ఆముదం కాయలు ఏవి ఎక్కడున్నాయో మీకు తెలిసి ఉండాలి. కంచెకు వేసిన అడవి ఆముదం గింజలు రుచిగా ఉంటాయని పిల్లలు తిని గుంపుగా వాంతులు చేసుకోవడం మామూలే. దూలగొండి కాయల నూగు తగిలితే దురద, వయ్యారిభామ తగిలితే దద్దుర్లు. జనవరి నుంచి పొగాకు ఆకు కోతలు. మంచుకు తడిసిన ఆకు చర్మానికి రాసుకుంటే అందులోని నికోటిన్ ఒంట్లోకి పోయి వాంతులు, తలతిప్పు వస్తాయి. తల్లిదండ్రుల్ని అడగండి, వాళ్లకు ఇది అనుభవమే. పొగాకు చేలోకి పిల్లల్ని దించవద్దు. మందు కొట్టిన చేలూ అంతే. పక్క రైతును ఫలానా రోజు ఏమైనా పిచికారీ చేస్తున్నాడేమో అడిగి బయల్దేరాలి.

పదకొండు మందికి ఇద్దరు పెద్దలు లేకుండా గేటు దాటకూడదు. హెడ్మాస్టరు గారు కదల్లేరు. వంట చేసే ఆవిడకు పొద్దున తీరదు. మరుగుదొడ్ల ఆయా నలభై నిమిషాలు రాగలరు. కూలికి వెళ్లడం మానేసిన అవ్వలు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వంతులేసుకోవచ్చు. ఆ నాయనమ్మనే పిలవమని చెప్పడం తేలిక. కానీ కోపంలో ఉన్న మనిషిని వెంటనే పిలిస్తే వెటకారంగా తోస్తుంది. ముందు వాళ్లింటికి వెళ్లి బాబు కాలు ఎలా ఉందో అడగండి. వెళ్లారో లేదో మీ ఉత్తరంలో రాయలేదు. వెళ్లి ఉంటే రాసేవారనుకుంటాను. ఆ ఇంట్లో పద్ధతుల గురించి ఒక్క మాట కూడా ఎత్తొద్దు. "బూట్లు లేకుండా తీసుకెళ్లడం నాదే తప్పు" అంటే చాలు, అది నిజం కూడా.

హెడ్మాస్టరు గారి భయం న్యాయమైనదే. ఏదైనా జరిగితే పైవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎవరి అనుమతితో?" ఇప్పటిదాకా దానికి మీ దగ్గర జవాబు లేదు. జవాబు కాగితం మీద పెట్టి ఇవ్వండి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు కృత్యాలతో, వెతికి కనుక్కోవడంతో నేర్చుకోవాలని స్పష్టంగా చెబుతోంది. బడి బయటి జీవితంతో చదువును కలపాలన్నది 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో ఉంది. ఈ రెండు ముక్కలతో ఒక పేజీ రాయండి. దానికి బాట గీసిన చిన్న పటం జోడించండి. బావి, రోడ్డు, ట్రాన్స్‌ఫార్మరు, కంప ఎర్రసిరాతో. వారంలో ఏ రోజు, ఏ వేళ, ఎంతసేపు, వెంట ఎవరు, ఎక్కడికి పోకూడదు అన్నవన్నీ రాసి, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం చేయించండి. కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలన్నది చట్టమే. కాబట్టి ఊరి మాట అక్కడే తేలుతుంది. ప్రతిపాదన హెడ్మాస్టరు గారి నోటితో వస్తే మంచిది. ఒక్కో ఇంటి నుంచి సంతకమో వేలిముద్రో తీసుకోండి. వెళ్లిన ప్రతిసారీ రిజిస్టరులో వెళ్లిన వేళ, వచ్చిన వేళ. ఇవన్నీ ఉన్నంత మాత్రాన బాధ్యత మీ మీద నుంచి పోదు. నిర్లక్ష్యం చేయలేదని చూపించుకోవడానికి పనికొస్తాయి, అంతవరకే.

ఇంతకీ మీ ముందున్న దారులు. ఏప్రిల్ దాకా ప్రహరీ దాటకుండా ఉండటం ఒకటి. అనుమతుల బెడద లేదు, హెడ్మాస్టరు గారు కుదుటపడతారు. ఆవరణలో ఏముంటుందని అనుకోకండి. ఆరడుగులకు నాలుగడుగుల ఇసుకగుంట, ముప్పావు అడుగు లోతు, వాగు ఇసుక. అక్షరాలు వేలితో రాయించడానికీ జానలు, మూరలు కొలిపించడానికీ సరిపోతుంది. రాత్రి పాత ఫ్లెక్సీ కప్పి చుట్టూ ఇటుకలు పెట్టాలి. కుక్కలూ పిల్లులూ పాడుచేస్తే ఆ ఇసుకలో ఆడిన పిల్లలకు చర్మం కింద పురుగు పాకే జబ్బు వస్తుంది. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. పక్కన మూడడుగుల మళ్లు రెండు, తోటకూర. విత్తనం సన్నం కాబట్టి పిడికెడుకు నాలుగు పిడికిళ్ల ఇసుక కలిపి చల్లి, పైన పలచగా మట్టి. మరీ లోతుకు పోతే మొలకెత్తదు, పైపైన వదిలేస్తే చీమలు మోసుకుపోతాయి. పాతిక ముప్ఫై రోజుల్లో కోతకొస్తుంది. అది మధ్యాహ్న భోజనంలో పప్పులోకి వెళ్తే ఊరికి చెప్పాల్సిన పనే ఉండదు. ఈ దారిలో పోయేదేమిటంటే, ప్రహరీ లోపలి కొత్తదనం రెండు నెలల్లో అయిపోతుంది. మీరు మళ్లు మార్చకపోతే పిల్లలకు అదీ ఇంకో తరగతి గదే అవుతుంది.

రెండోది, మిగతా రోజులు ఆవరణలో, శనివారం ఒక్కరోజు తీర్మానంతో బయటికి, నలభై నిమిషాలు. పిల్లలకు ఎక్కువ దక్కేది ఇందులోనే. కానీ రెండో మనిషి రాని శనివారం మానుకునే నిబ్బరం మీకుండాలి. అందరూ బూట్లు కట్టుకుని ఎదురుచూస్తుంటే మానడం కష్టం. "ఈ ఒక్కసారికే" అనుకున్న రోజునే ప్రమాదాలు జరుగుతాయి.

మూడోది, చదవడం దారికి వచ్చేదాకా పూర్తిగా ఆపడం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, ఆ నలుగురికీ మేలే. నష్టం ఏమిటంటే, ఆపినదాన్ని వచ్చే ఏడాది మళ్లీ మొదలుపెడితే "అప్పుడు వద్దనే కదా ఆపారు" అన్న మాట మీకు అడ్డం పడుతుంది. ఆ మాట్లాడటం మొదలుపెట్టిన పాపకు ఇంకో ఆసరా కూడా చూడాలి. నాలుగోది, ఎవరికీ చెప్పకుండా కొనసాగించడం. మీరు రాయలేదు గానీ, ఆ ఆలోచన ఉత్తరంలో వరసల మధ్య కనిపిస్తోంది. ఆరేళ్ల పిల్లలు ఇంట్లో ఏదీ దాచరు. అప్పుడు పాఠం కాస్తా నేరం అవుతుంది.

నా మొగ్గు మొదటిదాని వైపు, సంక్రాంతి సెలవులు అయ్యేదాకా. ఆరు వారాల చదువు ఫలితం చేతికొచ్చాక రెండోదానికి మారొచ్చు. మన వైపు కాలం కూడా దానికే సరిపడుతుంది. వీడియోల్లో చూసి మీరు జూన్‌లో మొదలుపెట్టారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో జూన్ అంటే పడమటి వడగాలి, వేసిన మొక్క కూడా నిలవదు. పెద్ద వానలు, తుపాన్లు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. కాబట్టి పిల్లల్ని బయట తిప్పడానికి మనకున్నది జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలు. రేగుపండ్లు, తేగలు, తర్వాత సీమచింత, మార్చిలో వేపపూత, లెక్కకూ మాటకూ కొదవ ఉండదు. ఒంటిపూట బడులు మొదలయ్యాక మొదటి ముప్పావు గంట తప్ప బయట ఉండలేం. ఎప్పుడైనా వెళ్లే ముందు అందరినీ మరుగుదొడ్డికి పంపడం, నీళ్ల సీసా, తలకు గుడ్డ మరవకండి. లీటరుకని ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకు ఇంత అని చల్లితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది.

వ్యాను తండ్రి గురించి. అతను పంపేస్తే మీకు మిగిలేది తొమ్మిది మంది. పిల్లలు తగ్గితే టీచరు పోస్టుకే ఎసరు, అది మీకు నాకన్నా బాగా తెలుసు. బతిమాలొద్దు, వాదించొద్దు. ఆ ఇద్దరి నోటుపుస్తకాల్లో ఈ ఆరు వారాల పేజీలు నిండనిచ్చి, ఒక సాయంత్రం అతను పని నుంచి వచ్చాక పిల్లల చేతే చదివించండి. అయినా పంపేస్తానంటే టీసీ నవ్వుతూ ఇచ్చేయండి. జూన్‌లో తిరిగి వచ్చేవాళ్లూ ఉంటారు.

బదిలీ కోసం నోరు మూసుకుని ఎదురుచూడటం మాత్రం ఈ నాలుగు దారుల్లోనూ లేదు. కొత్త ఊళ్లో చెరువు వేరే చోట ఉంటుంది, హెడ్మాస్టరు గారి భయం అదే ఉంటుంది. ఒకవేళ బదిలీ వస్తే ఆ బాట పటం, మొక్కల జాబితా, తీర్మానం నకలు, రిజిస్టరు బీరువాలో పెట్టి, తాళం హెడ్మాస్టరు గారికి అప్పజెప్పి వెళ్లండి.